చర్మం మీద తేలే రక్తం జబ్బు

బ్లడ్ క్యాన్సర్ అనగానే మనకు గుర్తొచ్చేవి నీరసం, విడవని జ్వరం, రక్తం ఎక్కించడం. అది చర్మం మీద కూడా తేలుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. జబ్బు మనిషికి స్నానం చేయించేది, బట్టలు మార్చేది ఇంట్లో ఆడవాళ్ళమే కదా! అందుకే ఆ మచ్చా గడ్డా డాక్టరు కంటే ముందు మన కంట్లోనే పడతాయి.

తెల్లకణాలు ఎముకల లోపలి మూలుగలో తయారవుతాయి. ల్యుకేమియా వచ్చినప్పుడు అవి ముదరకుండానే లెక్కాపత్రం లేకుండా పెరిగిపోతాయి. కొందరిలో ఈ పాడు కణాలు రక్తనాళాలు దాటి వచ్చి చర్మంలో పేరుకుంటాయి. దీన్నే డాక్టర్లు ల్యుకేమియా క్యూటిస్ అంటారు. గట్టి పొక్కులు, గడ్డలు, ఉబ్బెత్తు బిళ్ళలు లేస్తాయి. పుస్తకాల్లో ఎర్రగా, వంకాయ రంగులో ఉంటాయని రాస్తారు గానీ, మన చామనచాయ ఒంటి మీద ఆ ఎరుపు తెలియదు, గోధుమ రంగులోనో నల్లగానో కనిపిస్తాయి. చాలాసార్లు దురద ఉండదు, నొప్పి ఉండదు. అదే వచ్చిన చిక్కు. నొప్పి లేని గడ్డను ఎవరు పట్టించుకుంటారు? కొన్ని రకాల్లో చిగుళ్ళు కూడా వాచి పళ్ళ మీదికి వస్తాయి.

ప్రతి మచ్చా ఇదే అని కంగారు పడకూడదు. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు కాళ్ళ మీద ఆవగింజంత చుక్కలు వస్తాయి, నొక్కినా వాటి రంగు పోదు. మందులు పడక దద్దుర్లు రావచ్చు. ఒంట్లో శక్తి తగ్గితే సర్పి కూడా వస్తుంది. మన పల్లెల్లో సర్పి అనగానే జాజు పూసి మంత్రం వేయిస్తారు, పొక్కులు చూస్తే అమ్మవారని వేపాకు పరుస్తారు. క్యాన్సర్ మందులు వాడే మనిషికి సర్పి వస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి, ఆలస్యమైతే ముదిరిపోతుంది. ఏది ఏమిటో తేల్చేది ముక్క పరీక్షే. సూదితో మొద్దుబార్చి చిన్న చర్మం ముక్క తీస్తారు, అంతే. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని మా వైపు గట్టి నమ్మకం. ఆ భయంతో పరీక్ష మానుకోవద్దు.

ఇక మనసుకు కష్టమైన మాట. చర్మంలోకి వచ్చిందంటే చాలామందిలో జబ్బు ముదిరిందనో, తగ్గినది తిరగబెట్టిందనో గుర్తు. అరుదుగా రక్తపరీక్షలో ఏమీ తేలకముందే చర్మంలో కనిపించడమూ ఉంది. పైపూత మందులతో ఇది పోదు. మూలం మూలుగలో ఉంది కాబట్టి కీమో ఇవ్వాలి, ఒక్కోసారి గడ్డలకు కరెంటు పెడతారు. మందు పనిచేస్తే గడ్డలు కరిగిపోవడమూ ఉంది.

ఈ మందుల కథలో మన తెలుగాయన ఒకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్ళి లెడర్లీ కంపెనీలో పరిశోధన చేశారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ల్యుకేమియా పిల్లలకు ఇస్తే కొందరికి కొన్నాళ్ళు జబ్బు తగ్గుముఖం పట్టింది. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్, నేటికీ వాడుతున్నారు. సుబ్బారావు గారు మాత్రం 1948 ఆగస్టులోనే పోయారు.

నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి బస్సులో సగం పూట పడుతుంది. 2007లో ఆరోగ్యశ్రీని మొదట మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో అప్పటి మన మహబూబ్‌నగర్ ఒకటి. కార్డు, పాత రిపోర్టులు, వాడిన మందుల చీటీలు ఒకే సంచిలో పెట్టుకుని వెళ్ళండి. వెతుక్కునే ఓపిక అక్కడ ఉండదు.

ఇంట్లో చూసుకోవలసినవీ ఉన్నాయి. ప్లేట్‌లెట్లు తక్కువున్న మనిషికి ఊళ్ళో కండకు సూది వేయించకూడదు, లోపల రక్తం గూడుకడుతుంది. నొప్పి బిళ్ళలు కూడా అడగకుండా మింగించొద్దు, కొన్నిటితో రక్తస్రావం ఎక్కువవుతుంది. వేపపుల్ల మాని మెత్తటి బ్రష్ ఇవ్వండి. సున్నిపిండితో రుద్దవద్దు, గోరువెచ్చటి నీళ్ళు పోసి పాత నూలు చీర ముక్కతో అద్దండి. గడ్డలను గిల్లడం, పసరు కట్టడం అసలే వద్దు, పుండు పడితే మానదు.

నోరు పూసినవాళ్ళు జొన్నరొట్టె నమలలేరు. జొన్న గట్క పలుచగా చేసి, కారం లేని పెసరపప్పు కలిపి పెడితే తింటారు. తెల్లకణాలు తగ్గిన రోజుల్లో రాత్రి పులియబెట్టిన అంబలి, పచ్చి ఉల్లి, ఊరగాయ పక్కనపెట్టి, అప్పుడే వండినది వేడిగా పెట్టాలి. నీళ్ళు కాచి చల్లార్చినవే ఇవ్వాలి.

"అక్కా, ముట్టుకుంటే అంటుతదా? పిల్లలను దూరం ఉంచమంటవా?" అని మా బజార్లో ఒకామె అడిగింది. వాళ్ళ మామకు ఒళ్ళంతా గడ్డలు లేస్తే పళ్ళెం, చెంబు, మంచం అన్నీ వేరు చేశారట. అంటదు. ఈ గడ్డలు ముట్టుకున్నా, పక్కన పడుకున్నా, ఒకే పళ్ళెంలో తిన్నా రాదు. జలుబు, జ్వరం ఉన్న పిల్లలను దూరంగా ఉంచేది ఆయన కోసం, పిల్లల కోసం కాదు. అది చెబితే ఆమె ముఖం తేటపడింది. సాయంత్రం మనవడు తాత మంచం మీదే కూర్చుని మరమరాలు తింటున్నాడు.