పాత జుకీ మిషన్ కొంటున్నారా? రంగు కాదు, ముందు మోటారు చూడండి

పలాస జీడిపప్పు పరిశ్రమల్లో పిక్కలు ఒలిచే ఆడవాళ్ల చేతులు తొక్కలోని నూనెకు పొక్కిపోతాయి. ఉద్దానంలో ఇంటి పెద్ద కిడ్నీ జబ్బుతో మంచాన పడితే ఆ కూలికి వెళ్లడం కూడా కష్టమే. మనిషిని వదిలి కదలడానికి ఉండదు. ఇలాంటి ఇళ్లలో కుట్టు పనే ఆధారం. అయితే కాలితో తొక్కే మిషన్ మీద రంజాన్ సీజన్ ఆర్డర్లు అందుకోలేరు, కొత్త పవర్ మిషన్ కొనే స్తోమత ఉండదు. అందుకే వైజాగ్‌కో బరంపురానికో రైలెక్కి, గార్మెంట్ ఫ్యాక్టరీల్లో వాడి తీసేసిన జుకీ మిషన్ తెచ్చుకుంటారు.

తెచ్చిన నెలకే అది మూలన పడితే మిషన్ పాడైందని అనుకుంటారు. చాలాసార్లు తప్పు మిషన్‌ది కాదు. ఫ్యాక్టరీ కోసం అమర్చిన దాన్ని మార్చకుండా ఇంట్లో నడపబోవడమే అసలు చిక్కు.

మొదటి చిక్కు కరెంటు. ఫ్యాక్టరీ మిషన్ల మోటార్లు చాలావరకు 415 వోల్టుల త్రీ ఫేజ్‌వి. టెక్కలి గ్రానైట్ యూనిట్లలో వాడే కరెంటు అది, ఇళ్లలో ఉండేది సింగిల్ ఫేజ్. కండెన్సర్ పెట్టి నడిపిస్తామని కొందరు షాపు వాళ్లు చెబుతారు. నడుస్తుంది కూడా, కానీ బలం తగ్గి మోటారు వేడెక్కుతుంది. మోటారు మీద ఉన్న రేకు చదివి, త్రీ ఫేజ్ అయితే హెడ్, స్టాండ్ వరకే బేరం చేయడం మంచిది.

దాని బదులు సర్వో మోటారు పెట్టించుకోవాలి. పాత క్లచ్ మోటారు స్విచ్ వేసినప్పటి నుంచి తిరుగుతూనే ఉంటుంది. మీరు బాబిన్ మారుస్తున్నా, గుడ్డ సర్దుతున్నా మీటరు తిరుగుతుంది, మోత కూడా ఆగదు. సర్వో మోటారు పెడల్ నొక్కితేనే తిరుగుతుంది. స్పీడు తగ్గించుకునే వీలుంటుంది కాబట్టి కొత్తగా నేర్చుకునే పిల్లలు భయపడరు. బిగించాక చక్రం ఎటు తిరుగుతుందో చూడాలి: మామూలు జుకీలో పైభాగం కుట్టే మనిషి వైపు తిరగాలి. ఎదురు తిరిగితే సర్వోలోనే దిశ మార్చుకోవచ్చు. పుల్లీ సైజు మారితే బెల్టు పొడవూ మారుతుంది, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. బడ్జెట్‌లో నాలుగో వంతు ఇలాంటి వాటికి పక్కన పెట్టకపోతే తర్వాత అప్పు చేయాల్సి వస్తుంది.

ఇక హెడ్. డీడీఎల్-5550, డీడీఎల్-8700 ఎక్కువగా దొరుకుతాయి, వాటి పార్టులూ దొరుకుతాయి. నంబరు చివర ‘హెచ్’ అని ఉంటే అది జీన్స్ లాంటి మందం గుడ్డకు చేసినది. బురఖాల నిదా గుడ్డ దాని మీద వేస్తే సూది రంధ్రంలోకి లాక్కుపోతుంది, కుట్టు ముడతలు పడుతుంది. మిషన్ వదులుకోనక్కర్లేదు. సూది కింది ప్లేటు, గుడ్డను లాగే పళ్ళు పల్చటి గుడ్డకు సరిపోయేవి వేయించి, 9 లేదా 11 నంబరు సూది పెడితే చాలా వరకు సర్దుకుంటుంది. ఇంటి మిషన్ సూది దీనికి పనికిరాదు. గుండ్రటి కాడ ఉన్న డీబీ ఎక్స్ 1 సూది కావాలి, పొడుగు గాడి ఎడమ వైపు ఉండాలి.

కుట్టు తప్పుతుంటే సూది మార్చి చూడాలి. అప్పటికీ తప్పితే హుక్ టైమింగ్ మీద అనుమానపడాలి. సూది పూర్తిగా కిందికి దిగి, 2 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువగా పైకి లేచేసరికి హుక్ మొన సూది కన్నుకు కొంచెం పైన, సూది మధ్య గీతకు రావాలి. రెండింటి మధ్య సందు పల్చటి కాగితం అంత. చక్రం చేత్తో మెల్లగా తిప్పితే కంటికే కనిపిస్తుంది. హుక్ స్క్రూలు వదులు చేసి సర్దడం మెకానిక్‌కు చిన్న పనే. మొన అరిగిపోతే మాత్రం హుక్ మార్చాల్సిందే.

బాగు చేయించినా లాభం లేనిది ఒకటి ఉంది: నూనె లేకుండా నడిపిన హెడ్. ఒక్కో కుట్టుకు హుక్ రెండు చుట్లు తిరుగుతుంది, కాబట్టి నూనె ఆగితే బుష్‌లు, షాఫ్టులు త్వరగా అరుగుతాయి. మిషన్ నడుస్తుంటే పైన ఉన్న అద్దంలో నూనె చిమ్ముతూ కనిపించాలి. సూది కడ్డీని పట్టుకుని కదిపితే ఊగకూడదు. ఊగితే ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి.

వజ్రపుకొత్తూరు, సోంపేట, బారువ వైపు ఉప్పు గాలి ఉంటుంది. రాత్రికి గుడ్డ కప్పి, పాదం కింద పాత గుడ్డ ముక్క పెట్టి, తుప్పు పట్టే చోట్ల నూనె చేయి రాయాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినట్టు మళ్లీ వచ్చి మిషన్ తడిస్తే, తడి మోటారుకు కరెంటు ఇవ్వొద్దు. పాన్‌లో నూనె తీసేసి, హెడ్‌ను కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి, కొత్త నూనె పోశాక చేత్తో తిప్పి చూడాలి. ఉద్దానంలో కొబ్బరి నూనెకు కొదవ లేదు గానీ మిషన్‌లో అది పోస్తే జిగురు కడుతుంది. మిషన్ వైట్ ఆయిలే వాడాలి.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలూ ఉన్నారు. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల స్టైపెండ్, పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఇస్తారు. ఆ 15,000 నగదు కాదు, ఈ-వోచర్. దాన్ని నమ్ముకుని సెకండ్ హ్యాండ్ షాపులో అడ్వాన్సు ఇవ్వకండి. పథకంలో 5 శాతం వడ్డీకి లోన్ కూడా ఉంది, తీసుకోవడం తప్పనిసరి కాదు. వడ్డీ వద్దనుకునే కుటుంబాలు శిక్షణ, పనిముట్లతో ఆగిపోవచ్చు. కుటుంబంలో ఒక్కరికే అవకాశం.

కొనడానికి వెళ్లేటప్పుడు మీరు రోజూ కుట్టే గుడ్డ ముక్కలు రెండు మూడు రకాలు తీసుకెళ్లి, వాటి మీదే కుట్టించి చూడండి. షాపు వాళ్ల గుడ్డ మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. హెడ్ ముప్పై కిలోల దాకా తూగుతుంది. రైలెక్కించే ముందు పాన్‌లో నూనె వంచేయించండి, లేకపోతే పలాస చేరేలోపు పక్క ప్రయాణికుల సామానంతా నూనె అవుతుంది.