గొర్రె వయసుకు ఎన్ని పేర్లో

ఉత్తర ఇంగ్లండ్ కొండల్లో గొర్రె పేరు వయసుతోపాటు మారుతుంది. పుట్టినప్పుడు ‘ల్యాంబ్’. తల్లి పాలు మానినప్పటి నుంచి మొదటిసారి ఉన్ని కత్తిరించేదాకా ‘హాగ్’. ఆ తర్వాత రెండో కత్తిరింపు వరకు ‘షేర్లింగ్’. ఆడా మగా తేడా ఉండనే ఉంది: పడుచు ఆడది ‘గిమ్మర్’, విత్తన పొట్టేలు ‘టప్’, విత్తులు కొట్టించినది ‘వెదర్’. దక్షిణానికి వెళ్తే హాగ్‌నే ‘టెగ్’ అంటారు.

పుట్టిన తేదీలు ఎవరూ రాసి పెట్టుకోని రోజుల్లో పుట్టిన లెక్క ఇది. మంద మొత్తానికి ఏటా వేసవిలో ఉన్ని తీస్తారు గనక కత్తెరే కాపరికి పంచాంగం.

సంతలో కొనేవాడికి ఆ లెక్క తెలియదు. అతను కింది పెదవి వంచి చూస్తాడు. గొర్రెకు ముందుపళ్లు ఎనిమిదీ కింది దవడకే ఉంటాయి. పైన గట్టి చిగురే. ఏడాది, ఏడాదిన్నర మధ్య నడిమి పాలపళ్లు రెండూ ఊడి వెడల్పాటి పళ్లు వస్తాయి. తర్వాత ఒక్కో జతా మారుతూ నాలుగేళ్లకు నోరు నిండుతుంది. ఆపైన పళ్లు సందులిచ్చి ఊడితే ‘బ్రోకెన్ మౌత్’. అది కొండమీది గరుకు గడ్డి కొరకలేదు. అందుకే మెత్తటి పచ్చిక ఉన్న పల్లపు పొలాలవాళ్లకు అమ్మేస్తారు. అక్కడ ఇంకొన్ని ఈతలు ఈనుతుంది.

పేరు మారితే ధరా మారుతుంది. ల్యాంబ్ మాంసానికి గిరాకీ ఎక్కువ. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో శాశ్వత ముందుపన్ను చిగురు చీల్చుకుని కనబడితే చాలు, ఆ పేరు పోయేది. 2019 జులై నుంచి నిబంధన సడలింది: 12 నెలలు నిండకపోయినా, శాశ్వత పన్ను వచ్చినా అది ఇంకా అరిగేంత ఎత్తుకు ఎదగకపోయినా ల్యాంబే. అమ్ముకోవడానికి రైతుకు ఆ మేరకు గడువు దొరికింది.

మన సంతల్లోనూ ‘రెండు పళ్లది’, ‘నాలుగు పళ్లది’ అనే బేరమాడతారు. నెల్లూరు జాతికి కత్తిరించేంత ఉన్నే ఉండదు, కాబట్టి అక్కడ కత్తెర లెక్క సాగదు. పళ్ల లెక్క మాత్రం ఏ జాతికైనా పనికొస్తుంది. అయితే జాతిని బట్టి, మేతను బట్టి పన్ను మారడం కొన్ని నెలలు అటూఇటూ అవుతుంది. కొనేవాళ్లు దాన్ని ఉజ్జాయింపుగానే తీసుకోవాలి.