తెరపై బెలూను.. నింగిలో పిడుగు
స్థిర విద్యుత్తు పాఠానికి సిమ్యులేషన్ల ఆసరా

కాకినాడ: పొడి జుట్టుపై ప్లాస్టిక్‌ దువ్వెనను పదిసార్లు రుద్ది, కాగితపు ముక్కల దగ్గరకు తీసుకువస్తే అవి ఎగిరి దానికి అతుక్కుంటాయి. స్థిర విద్యుత్తు పాఠం తరతరాలుగా ఈ ప్రయోగంతోనే మొదలవుతోంది. అయితే కోస్తా జిల్లాల్లో వర్షాకాలంలో ఇది తరచూ విఫలమవుతుంది. ఉపాధ్యాయుడు ఎంత రుద్దినా కాగితం కదలదు. వెనుక బెంచీల్లో నవ్వులు మొదలవుతాయి. ఇక చేసేది లేక ఆయన బోర్డు వైపు తిరిగి నిర్వచనాలు రాయిస్తారు. అంతటితో పాఠం ముగుస్తుంది.

ఇందులో దువ్వెన తప్పేమీ లేదు. గాలిలోని తేమ దువ్వెన ఉపరితలంపై కంటికి కనిపించని పలుచని నీటిపొరగా చేరుతుంది. రుద్దినప్పుడు చేరిన ఆవేశం ఆ పొర మీదుగా, పట్టుకున్న చేతి గుండా జారిపోతుంది. అనంతపురంలో జనవరి మాసంలో చక్కగా సాగిన ప్రయోగమే కాకినాడలో ఆగస్టులో మొండికేయడానికి కారణం ఇదే. దీనికి తోడు మన పిల్లలు కొబ్బరినూనె పట్టించిన తలలతో బడికి వస్తారు. నూనె జుట్టుపై ఈ ప్రయోగం సరిగా సాగదు.

ఇటువంటి చోట కంప్యూటర్‌ సిమ్యులేషన్లు అక్కరకు వస్తున్నాయి. సిమ్యులేషన్‌ అంటే వీడియో కాదు. వీడియోను చూడగలం, అంతే. ఇందులో విద్యార్థే వస్తువులను కదిలించి ఫలితాన్ని గమనించవచ్చు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం (బౌల్డర్‌) రూపొందించిన 'ఫెట్‌' సిమ్యులేషన్లు వీటిలో ప్రసిద్ధమైనవి. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్‌ బహుమతి పంచుకున్న కార్ల్‌ వీమన్‌ 2002లో ఈ ప్రాజెక్టును ప్రారంభించారు. వీటిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

స్వెట్టరు, బెలూను, గోడ

స్థిర విద్యుత్తుపై ఫెట్‌లో ఉన్న ప్రధాన సిమ్యులేషన్‌ చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. తెరపై ఎడమ పక్క ఉన్ని స్వెట్టరు, కుడి పక్క గోడ, నడుమ పసుపుపచ్చ బెలూను. మూడింటి మీదా ఎర్రని ధన గుర్తులు, నీలి రుణ గుర్తులు సమానంగా పరచుకుని ఉంటాయి. బెలూనును స్వెట్టరుపై రుద్దితే నీలి గుర్తులు మాత్రమే బెలూను పైకి చేరతాయి. ఎర్రవి ఉన్నచోటే ఉండిపోతాయి. స్వెట్టరు కోల్పోయినన్ని ఎలక్ట్రాన్లే బెలూనుకు వస్తాయి, ఒక్కటీ ఎక్కువ కాదు, తక్కువ కాదు. రుద్దడం వల్ల విద్యుత్తు 'పుడుతుంది' అని ఇప్పటికీ కొన్ని గైడ్లలో కనిపించే పొరపాటు మాట ఇక్కడ పటాపంచలవుతుంది. పుట్టింది ఏమీ లేదు, ఉన్నదే చేతులు మారింది.

బెలూనును వదిలితే అది తిరిగి స్వెట్టరు వైపు పరుగు తీస్తుంది. రెండో బెలూనును తెచ్చి రెండింటినీ రుద్దితే అవి పరస్పరం దూరం జరుగుతాయి. విజాతి ఆవేశాలు ఆకర్షించుకుంటాయి, సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి. ఇంతవరకు బోర్డుపైనా చెప్పవచ్చు.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. కాగితపు ముక్కను ఎవరూ రుద్దలేదు. దానికి ఆవేశమే లేదు. మరి అది దువ్వెనకు ఎందుకు అతుక్కోవాలి? తెలివైన విద్యార్థి ఈ ప్రశ్న వేస్తే బోర్డు పాఠం తడబడుతుంది. సిమ్యులేషన్‌లో బెలూనును గోడ దగ్గరకు జరిపితే జవాబు కళ్లెదుట కనిపిస్తుంది. గోడలోని నీలి గుర్తులు బెలూనుకు జడిసినట్లు కాస్త లోపలికి ఒదుగుతాయి. దానితో గోడ ఉపరితలాన ధనావేశం పైచేయి అవుతుంది. గోడ మొత్తం మీద తటస్థమే అయినా, దగ్గరగా ఉన్న ధనావేశపు ఆకర్షణ, దూరంగా జరిగిన రుణావేశపు వికర్షణ కంటే బలంగా ఉంటుంది. బెలూను వెళ్లి గోడకు అతుక్కుంటుంది. రుద్దని బెలూనును తెస్తే ఏమీ జరగదు. దీనినే ప్రేరణ ప్రభావం అంటారు.

మేఘం బెలూను, పొలం గోడ

ఈ గోడ బొమ్మ వద్ద ఉపాధ్యాయుడు ఆగవలసి ఉంది. ఎందుకంటే మన ప్రాంతాల్లో ఈ పాఠం మార్కులతో తీరిపోయేది కాదు. ఉరుము మేఘంలో మంచు స్ఫటికాలు, మెత్తని వడగళ్లు రాపిడి చెంది ఆవేశాలను పంచుకుంటాయి. సాధారణంగా మేఘం దిగువ భాగాన రుణావేశం పోగుపడుతుంది. అది కింద ఉన్న నేలలోని ఎలక్ట్రాన్లను లోపలికి నెట్టి, నేల పైభాగాన్ని ధనావేశమయం చేస్తుంది. అంటే తెరపై బెలూను ఉన్నచోట మేఘాన్ని, గోడ ఉన్నచోట మన వరిచేనును ఊహించుకోవాలి. గాలి ఇక ఓర్చుకోలేని స్థితికి వచ్చినప్పుడు వేల ఆంపియర్ల విద్యుత్తు క్షణకాలంలో నేలకు దిగుతుంది. అదే పిడుగు. చేనులో ఎత్తుగా నిలిచిన తాటిచెట్టుకో, ఆ చేనులో ఒంటరిగా నిలబడిన మనిషికో ముప్పు ఎక్కువ.

2018 ఏప్రిల్‌ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనట్లు రాష్ట్ర విపత్తు నిర్వహణ అధికారులు ప్రకటించారు. ఆ విడతలో తొమ్మిది మంది మరణించగా, వారిలో తొమ్మిదేళ్ల బాలిక ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 2,887 మంది పిడుగుపాటుకు బలయ్యారు. మేత కోసం పశువులను తోలుకెళ్లేవారు, నాట్లు వేసే కూలీలు పొలాల్లోనే చిక్కుకుంటారు. ఉరిమినప్పుడు 'అర్జునా.. ఫల్గుణా..' అని స్మరించడం మన ఇళ్లలో అలవాటు. భయం పోగొట్టడానికి అది మంచిదే, చెట్టు కింద నిలబడి స్మరించడం మాత్రం ప్రమాదకరం.

ప్రేరణను అర్థం చేసుకున్న విద్యార్థికి జాగ్రత్తలను వల్లె వేయించనక్కర లేదు. మెరుపుకు, ఉరుముకు నడుమ 30 సెకన్ల కంటే తక్కువ వ్యవధి ఉంటే పక్కా భవనంలోకో, అద్దాలు మూసిన కారులోకో చేరాలి. చివరి ఉరుము తర్వాత అరగంట వరకు బయటకు రాకూడదు. రబ్బరు చెప్పులు కాపాడతాయన్నది అపోహ. కిలోమీటర్ల మందాన గాలిని చీల్చుకుని వచ్చిన విద్యుత్తుకు అరంగుళం రబ్బరు ఏపాటి? పిడుగు పడిన మనిషిని ముట్టుకుంటే షాకు కొడుతుందని వెనుకాడటం మరో పొరపాటు. ఆ శరీరంలో ఆవేశం నిలిచి ఉండదు. శ్వాస ఆగితే తక్షణం గుండెపై ఒత్తిడి ఇస్తూ 108కు ఫోను చేయాలి.

తెరను నమ్మరాని చోట్లు

సిమ్యులేషన్‌ చూపేదంతా యథాతథం కాదు. బెలూనుపై కొన్ని పదుల రుణ గుర్తులే కనిపిస్తాయి. నిజమైన బెలూనుపై చేరే ఎలక్ట్రాన్లు వేల కోట్లలో, ఒక్కోసారి లక్షల కోట్లలో ఉంటాయి. ఈ మాట ముందే చెప్పకపోతే పిల్లలు గుర్తులను లెక్కపెట్టి అదే ఆవేశమనుకుంటారు. పైగా తెరపై తేమ లేదు. గంటసేపు వదిలినా ఆవేశం తగ్గదు. అందువల్ల తెరనే చూపి దువ్వెనను పక్కన పెట్టడం సరికాదని ఈ విలేకరి అభిప్రాయం. ముందు దువ్వెనతో ప్రయత్నించాలి. విఫలమైతే 'ఎందుకు?' అని అడిగి, తర్వాత తెర ముందుకు రావాలి. విఫలమైన ప్రయోగం కూడా పాఠంలో భాగమే.

ఫెట్‌లో మరో సిమ్యులేషన్‌ పేరు 'జాన్‌ ట్రావోల్టేజ్‌'. హాలీవుడ్‌ నటుడు జాన్‌ ట్రవోల్టా పేరుపై చమత్కారమిది. ఒక మనిషి కాలును తివాచీపై రుద్ది, తలుపు పిడి దగ్గరకు చేయి తెస్తే చిటుక్కున నిప్పురవ్వ ఎగురుతుంది. మన ఇళ్లలో తివాచీలు ఎక్కడివి? సిమెంటు గచ్చుపై వట్టికాళ్లతో తిరుగుతాం, చేరిన కాస్త ఆవేశమూ నేలకు పోతుంది. దీనికి బదులు మాఘమాసపు పొడి రాత్రి పాలిస్టర్‌ దుప్పటి దులిపితే చీకట్లో మెరిసే రవ్వలను, ప్లాస్టిక్‌ కుర్చీలోంచి లేచి ఇనుప గేటు ముట్టుకున్నప్పుడు తగిలే చురుకును గుర్తుచేస్తే విద్యార్థులకు వెంటనే తడుతుంది. పెట్రోలు బంకులో ట్యాంకరును దించే ముందు ఎర్తింగు తీగ తగిలించేదీ ఇటువంటి రవ్వకు జడిసే.

నెట్‌ లేకున్నా..

ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల తరగతి గదులకు ఇంటరాక్టివ్‌ ఫ్లాట్‌ ప్యానెళ్లు వచ్చాయి. నెట్‌ సరిగా అందని ఊళ్లలో సిమ్యులేషన్‌ను పట్టణంలో డౌన్‌లోడ్‌ చేసుకుని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే చాలు, మామూలు బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. పాత జావా, ఫ్లాష్‌ ప్రతులు కొత్త యంత్రాల్లో పనిచేయకపోవచ్చు. హెచ్‌టీఎంఎల్‌5 ప్రతినే ఎంచుకోవాలి. ప్యానెల్‌ ఒక్కటే ఉన్నప్పుడు ఉపాధ్యాయుడే అన్నీ కదిపి చూపడం కంటే ఒక్కో విద్యార్థిని పిలిచి, 'గోడ దగ్గర వదిలితే ఏమవుతుంది?' అని ముందుగా తరగతి చేత ఊహను నోటుపుస్తకంలో రాయించి, ఆ తర్వాత బెలూనును వదలమనడం మేలు.