మాల తీసిన మర్నాడు

కార్తీకం వచ్చిందంటే తెలుగు ఊళ్లలో ఒక వింత కనిపిస్తుంది. ఏడాదంతా పొద్దుగూకితే సీసా లేనిదే ముద్ద దిగని మనిషి మెడలో అయ్యప్ప మాల పడగానే 41 రోజులు మందు జోలికి పోడు. భక్తి మహిమ అని కొందరంటారు. మానాలనుకుంటే మానగలడు, మనసు లేకే తాగుతున్నాడని ఇంకొందరు తేల్చేస్తారు. రెండూ తొందరపాటు తీర్పులే. దీక్షలో అసలేం జరుగుతోందో గమనించాలి. తెల్లవారకముందే చన్నీటి స్నానం, నల్ల బట్టలు, సాయంత్రం పూజ, భజన, నేల మీద పడక. మందు ఖాళీ చేసిన గంటలన్నీ మరో పనితో నిండిపోతాయి. నిన్నటిదాకా 'రారా, ఒక పెగ్గేద్దాం' అన్నవాడే 'స్వామీ' అని పిలుస్తాడు. గ్లాసు చేతికిచ్చే ధైర్యం ఎవడికీ ఉండదు. అన్నిటికీ మించి, ఎన్నాళ్లో ముందే తెలుసు. ఇరుముడి సమర్పించి మాల తీశాక ఈ ఏర్పాటంతా ఒక్కసారిగా పోతుంది. పాత సాయంత్రం, పాత జట్టు, సందు చివరి బెల్టు షాపు ఎక్కడివక్కడే ఉంటాయి. చాలామంది మళ్లీ మొదలుపెట్టేది ఆ వారంలోనే. వాళ్ల సంకల్పం దొంగదని అనడానికి లేదు. దాన్ని మోసిన గుంజలు తీసేశారు, అంతే.

వ్యసన చికిత్సలో లక్ష్యం గురించి మన ఇళ్లలో ఉన్న అవగాహనకు ఇక్కడే చిక్కు వస్తుంది. మనకు తెలిసిన లక్ష్యం ఒకటే: పిల్లల మీద ఒట్టు, ఇక జన్మలో ముట్టను. ఆ ఒట్టు వేసేవాడు అబద్ధమాడుతున్నాడని నేను అనను. వేసిన క్షణంలో అది నిజమే. కానీ తప్పితే ఏం చేయాలో అందులో లేదు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వవేత్త అలన్ మార్లాట్, జుడిత్ గోర్డన్‌తో కలిసి 1985లో వెలువరించిన పుస్తకంలో పట్టుకున్నది సరిగ్గా ఈ లోపాన్నే. ఒక్క గ్లాసు తాగడం, పాత తాగుడుకు తిరిగి వెళ్లడం ఒకటి కాదని ఆయన వాదన. ఆ రెంటి మధ్య వంతెన వేసేది మనిషి తనకు తాను చెప్పుకునే మాట. 'ఎలాగూ ఒట్టు తప్పాను, నేనింతే, ఇంకెందుకు ఆగడం' అన్న ఆలోచన రెండో గ్లాసును తెస్తుంది, మూడో రోజును తెస్తుంది. ఒట్టు ఎంత పెద్దదైతే అది తప్పినప్పటి అపరాధభావం అంత పెద్దది. ఆ బాధను మింగడానికి తాగుబోతుకు తెలిసిన మందు ఒక్కటే కదా.

మళ్లీ మొదలైన సందర్భాలను మార్లాట్ వర్గీకరించి చూస్తే, దాదాపు ముప్పావు వంతు మూడు రకాల్లోనే తేలాయి. దిగులు, కోపం, విసుగు లాంటి మనఃస్థితులు, ఇంట్లోనో పనిచోటో గొడవలు, పక్కవాళ్ల బలవంతం. ఇది చిన్న సంగతి కాదు. ప్రమాదం ఎటునుంచి వస్తుందో చాలావరకు ముందే చెప్పవచ్చని దీనర్థం. కాబట్టి కౌన్సెలింగ్‌లో పెట్టుకునే లక్ష్యాలు చూడటానికి చాలా చప్పగా ఉండాలి. శనివారం కూలి డబ్బు చేతికొచ్చాక ఏ దారిన ఇంటికెళ్లాలి, ఆ డబ్బు ముందుగా ఎవరి చేతికివ్వాలి, బావమరిది పెళ్లి దావత్‌లో గ్లాసు అందిస్తే ఏ మాట చెప్పి ఎంతసేపట్లో లేచి రావాలి, రాత్రి తొమ్మిదికి నాలుక పీకితే ఎవరికి ఫోన్ చేయాలి. 'మంచి మనిషిగా మారతాను' అన్నదాన్ని ఎవరూ కొలవలేరు. 'ఈ వారం ఆ సందులోంచి వెళ్లను' అన్నది ఆదివారానికల్లా తేలిపోతుంది. తేలిన ప్రతి చిన్న గెలుపూ తర్వాతి వారానికి పెట్టుబడి.

అయితే వీటన్నిటికంటే ముందు వైద్యుడు చూడాలి. ఒళ్లు మందుకు బాగా అలవాటుపడినవాడు ఉన్నట్టుండి ఆపితే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించవచ్చు, ప్రాణం మీదకూ రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం వరుసకట్టింది ఇందుకే. అల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవారికి ముప్పు ఇంకా ఎక్కువ. అలాంటి మనిషిని గదిలో పెట్టి తాళం వేయడం చికిత్స కానే కాదు.

జారితే ఏం చేయాలో కూడా ఈ లక్ష్యాల్లో ఉండాలి. దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఉంది. తప్పితే ఏం చేయాలో ముందే రాసిస్తే, తప్పడానికి అనుమతి ఇచ్చినట్టు కాదా? వినడానికి బలంగానే ఉంది. కానీ ఓడలో లైఫ్‌జాకెట్ ఉందని ఎవడూ సముద్రంలో దూకడు. 1999లో 26 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో మార్లాట్ పద్ధతి మొత్తమ్మీద మేలు చేస్తుందనీ, మద్యం విషయంలో ఆ మేలు మరింత స్పష్టమనీ తేలింది. కఠినమైన శపథాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో మన చరిత్రలోనే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేవదీసిన సారా వ్యతిరేక పోరాటం 1993లో సారా నిషేధాన్ని, 1995లో సంపూర్ణ మద్య నిషేధాన్ని తెచ్చింది. 1997లో ఆ నిషేధం సడలింది. ఖజానా ఉన్న ప్రభుత్వమే ఒట్టు నిలబెట్టుకోలేకపోయిన చోట, జేబులో మూడొందలున్న కూలీ నుంచి అంతకంటే ఎక్కువ ఆశిస్తున్నాం.

రెండో అభ్యంతరంలో నిజం ఎక్కువ. ఒక్క గ్లాసును క్షమిస్తే, మితంగా తాగడం కూడా లక్ష్యమే అని మొదలుపెడతారు కదా అన్నది. కాలేయం దెబ్బతిన్నవారికి, ఆపితే ఫిట్స్ వచ్చేంతగా అలవాటుపడ్డవారికి పూర్తిగా మానడమే లక్ష్యం, బేరం లేదు. హెరాయిన్ లాంటి మత్తుల విషయంలో జాగ్రత్త ఇంకో మెట్టు పైన ఉండాలి. కొన్ని వారాలు ఆపాక ఒంటికి పాత తట్టుకునే శక్తి పోతుంది. పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే అక్కడ జారితే చేయాల్సిన మొదటి పని ప్రాణం కాపాడుకోవడం. లక్ష్యం ఎంత ఖచ్చితమైనదైతే తప్పినప్పటి ప్రణాళిక అంత అవసరమని ఈ ఉదాహరణలే చెబుతున్నాయి.

మూడోది ఇల్లాళ్ల నుంచి వస్తుంది, దానికి సులభమైన జవాబు లేదు. ఇరవై ఏళ్లు తన్నులు తిన్న మనిషిని ఇంకోసారి ఓపిక పట్టమంటారా? అననే అనకూడదు. తాగకుండా కాపలా కాయడం భార్య పని కాదు, తాగినప్పుడు దెబ్బలు భరించడం అసలే కాదు. 2005 గృహహింస చట్టం ఆమెకిచ్చిన రక్షణ అతను చికిత్సలో ఉన్నా వర్తిస్తుంది. ప్రణాళికలో ఆమె కోరగలిగేది ఒక్కటే: అతను జారినట్టు తెలిస్తే ఇంట్లోవాళ్లు ఎవరికి కబురు చేయాలి, ఆ రాత్రి అతనెక్కడ పడుకోవాలి అన్నది ముందే తేలి ఉండటం.

చికిత్స తర్వాత ఏడాదిలోపు 40 నుంచి 60 శాతం మంది మళ్లీ మొదలుపెడతారని 2000లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన సమీక్ష చెప్పింది. బీపీ, ఉబ్బసం తిరగబెట్టే రేట్లు అంతకు తక్కువేం కావని అదే సమీక్ష చూపింది. బీపీ పెరిగిన మనిషిని ఎవరూ వీధిలోకి గెంటరు, మందు మారుస్తారు. మన దగ్గర మాత్రం మూడు వారాలు డీ-అడిక్షన్ సెంటర్‌లో ఉంచి, బిల్లు కట్టించుకుని పంపేసి, మళ్లీ తాగితే తప్పంతా అతని మీదే వేస్తాం. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ జరిపిన, 2019లో విడుదలైన సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. నిపుణులు లేరన్నది సాకు. తీవ్రంగా బానిసలు కాకపోయినా హానికర స్థాయిలో తాగే మగవారిపై గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక ప్రయోగం జరిగింది. మనోవైద్యంలో పట్టాలేవీ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, నాలుగుకు మించని కౌన్సెలింగ్ సెషన్లు చేయించారు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలలకు, అంతకుముందు రెండు వారాలు చుక్క ముట్టనివారు కౌన్సెలింగ్ పొందినవారిలో 42 శాతం, మామూలు వైద్యం పొందినవారిలో 18 శాతం. మద్యం రాబడి మీద బడ్జెట్లు అల్లుకునే రెండు తెలుగు రాష్ట్రాలకు మండలానికి ఇద్దరు అలాంటి కౌన్సెలర్లను పెట్టడం భారమేమీ కాదు. డీ-అడిక్షన్ సెంటర్ గుమ్మం దాటిన మూడో రోజున, పదో రోజున, నెలకు వాళ్లలో ఒకరు ఫోన్ చేసి 'ఈ శనివారం ఎలా గడిచింది' అని అడగాలి.