ఎముకలు ఏరిన దొరసాని

మన ఇబ్రహీంపట్నం పెద్దచెరువు సంగతి మీకు తెలుసు. ప్రతి వానకు నీళ్లతోపాటు బురద వస్తుంది. అది అడుగున పేరుకుంటుంది. పాత ఒండ్రు కింద ఉంటుంది. కొత్త ఒండ్రు పైన పడుతుంది. ఆ బురదలో ఒక జంతువు చచ్చి కూరుకుపోయిందనుకోండి. లక్షల ఏండ్లు గడిస్తే దాని ఎముక రాయిగా మారవచ్చు. దాన్నే శిలాజం అంటారు.

ఇట్లాంటి ఎముకలు ఏరిన ఒక దొరసాని ఉండేది. ఆమె పేరు బార్బరా. ఊరు ఇంగ్లండు. 1810లో పుట్టింది. పుట్టిన ఏడే తండ్రి పోయాడు. కొడుకులు లేరు. అందుకే తండ్రి బిరుదు ఆ పసిబిడ్డకే వచ్చింది. 1831లో హేస్టింగ్స్ వంశంలోకి కోడలుగా పోయింది. ఆమె మామ మన దేశంలో 1813 నుంచి 1823 దాకా గవర్నర్ జనరల్. హైదరాబాదులో నిజాంకు అప్పులిచ్చిన పామర్ కంపెనీని వెనకేసుకొచ్చాడని ఆయన మీద నింద పడింది.

ఆ ఇంట్లో ఇంకో కథ ఉంది. బార్బరా ఆడబిడ్డ ఫ్లోరాకు పెళ్లి కాలేదు. రాణిగారి కోటలో కొలువు చేసేది. ఆమె కడుపు ఉబ్బింది. తప్పు చేసిందని గుసగుసలు లేచాయి. డాక్టర్లు పరీక్ష చేసి, అట్లాంటిదేమీ లేదన్నారు. అది జబ్బు. 1839లో ఆమె చనిపోయింది. పాపం, 33 ఏండ్లే!

1844లో బార్బరా భర్త పోయాడు. మరుసటి ఏడు ఒక నౌకాదళ అధికారిని మళ్లీ పెళ్లాడింది. మొదటి భర్త వల్ల ఆరుగురు, రెండో భర్త వల్ల ఒక ఆడపిల్ల. ఇంత సంసారంలో సముద్రం ఒడ్డున హోర్డిల్ అనే చోట ఎముకలు ఏరింది. అవి 3 కోట్ల ఏండ్లకు పైబడినవి. మొసళ్లవి, తాబేళ్లవి. పగిలిన ముక్కలను ఓపికగా అతికించింది. ఏ పొర కింద ఏ పొర ఉందో రాసి అచ్చు వేయించింది. ఆడవాళ్లను లండన్ భూగర్భశాస్త్ర సంఘంలో 1919 దాకా చేర్చుకోనేలేదు. అట్లాంటి కాలం అది. ఓవెన్ అనే పండితుడు ఒక మొసలికి ఆమె పేరు పెట్టాడు. తరువాత ఆ పేరు నిలవలేదు. దానికి అంతకు ముందే ఇంకో పేరు ఉందట!

ఆమెకు జూదం సరదా. లోకం ఆ సంగతే ఎక్కువ చెప్పుకుంది. నాకైతే ఆ అతికించిన ముక్కలే గొప్పగా కనిపిస్తాయి. 1855లో ఆ వేల శిలాజాలను లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి అమ్మింది. 1858లో రోమ్‌లో చనిపోయింది. కొడుకు హెన్రీ గుర్రప్పందాల్లో ఆస్తి తగలేసి, 26 ఏండ్లకే పోయాడు. ఎముకలు మాత్రం లండన్‌లో భద్రంగా ఉన్నాయి.

మన గుట్టల్లో వెతికితే ఇవి దొరుకుతాయా? దొరకవు. మనది కరిగిన రాయి చల్లారి గట్టిపడ్డ బండ. గోదావరి వైపు యామన్‌పల్లి దగ్గర మాత్రం రాక్షస బల్లి ఎముకలు దొరికాయి. వాటిని కూర్చి హైదరాబాదు బిర్లా మ్యూజియంలో నిలబెట్టారు. పట్నం పోయినప్పుడు పిల్లలను తీసుకుపోయి చూపండి. కింద బోర్డు మీద దాని పేరు రాసి ఉంటుంది, మీరే చదివి చెప్పండి.