ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్‌లోని రొద: మౌఖిక గేయాల లేఖనంపై దాని ప్రభావం

వ్యాససంగ్రహం:
క్షేత్రపర్యటనలో సేకరించిన గేయాలను పరిశోధకులు ఎక్కువగా ల్యాప్‌టాప్‌కు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని, విని రాసుకొంటారు. ఆ జాక్‌లో పుట్టే రొద కొన్ని వర్ణాలను వేరుగా వినిపింపజేయగలదు. ఆ రొదను ధ్వనిముద్రణలోని రొద నుండి వేరుచేసి తొలగించుకొనే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: మౌఖిక సాహిత్యం, ధ్వనిముద్రణ, లేఖనం, స్పృష్టోష్మం, సున్నిపెంట

1. ఉపోద్ఘాతం:
శ్రీశైలం ఆనకట్ట నిర్మాణంతో పెరిగిన ఊరు సున్నిపెంట. చుట్టూ నల్లమల అడవి, అందులో చెంచుగూడేలు. ఆ ప్రాంతంలో ఒక వృద్ధురాలు పాడిన పాటను నేను ముద్రించుకొని, రాత్రి బసలో పాత ల్యాప్‌టాప్‌పై వింటూ రాసుకొన్నాను. పాట పొడవునా 'సెట్టు' అనే రూపమే వినిపించింది. పదాది చకారం సకారం కావడం మన మాండలికాలలో తెలిసిన విషయమే కనుక సందేహం కలుగలేదు. మరునాడు అదే ముద్రణను ఫోన్‌లో విన్నప్పుడు చాలా చోట్ల స్పష్టంగా 'చెట్టు' అని ఉంది. మాండలిక లక్షణమని నేను గుర్తుపెట్టుకొన్న దానిలో అధికభాగం నా ల్యాప్‌టాప్ కల్పించినదే.

2. చకారం సకారంగా ఎందుకు వినబడుతుంది?
చకారం స్పృష్టోష్మం. దానిని పలికేటప్పుడు నాలుక ముందు గాలిని పూర్తిగా ఆపుతుంది. ఆ క్షణికమైన నిశ్శబ్దం తరువాతనే ఒరిపిడి ధ్వని వెలువడుతుంది. సకారంలో ఆ నిరోధం లేదు, ఒరిపిడి మాత్రమే ఉంది. ఈ రెంటినీ వేరుచేసి గుర్తించడానికి చెవికి ఆ చిన్న నిశ్శబ్దం ఎంతో అవసరం. జాక్ నుండి ఎడతెగని 'బుస్స్' అనే రొద వస్తున్నప్పుడు అది ఆ నిశ్శబ్దాన్ని పూడ్చివేస్తుంది. మాట తెలిసినవాడు సందర్భాన్నిబట్టి సవరించుకొంటాడు. మాండలిక రూపం కోసం ఎదురుచూస్తున్న పరిశోధకుడు మాత్రం తనకు కావలసినదే వింటాడు. సమస్యలో సగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

3. రొద ఎక్కడిది?
మొదట తేల్చుకోవలసినది ఇదే. పాటను ఆపివేయాలి. ఆపిన తరువాత కూడా రొద కొనసాగితే అది ముద్రణలోనిది కాదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆపిన కొద్ది క్షణాలకు 'టిక్' మని శబ్దం వచ్చి రొద ఆగిపోతుంది. విద్యుత్తు ఆదా కోసం ధ్వని చిప్ నిద్రలోకి జారుకొన్నదనడానికి అది గుర్తు. అప్పుడు కూడా దోషం యంత్రానిదే. అదే ఫైలును మరొక పరికరంలో వింటే అదే చోట అదే రొద వినిపించినట్లయితే అది ముద్రణలోనే ఉన్నదని నిర్ణయించవచ్చు.

4. నివారణ:
ముందుగా పిన్ను పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూడాలి. జాక్‌లో చేరిన దుమ్ము కూడా స్పర్శను చెడగొడుతుంది. తరువాత చార్జర్ తీసి బ్యాటరీపై వినాలి. రొద తగ్గితే అది విద్యుత్ మార్గం నుండి వస్తున్నట్లు. మన దేశంలో సరఫరా 50 హెర్ట్జ్ కనుక 'గుంయ్' మనే మోత 50, 100 హెర్ట్జ్‌ల వద్ద వస్తుంది. పురుషస్వరపు మూలస్థాయి సాధారణంగా 100 హెర్ట్జ్‌కు కొద్దిగా పైన ఉంటుంది కాబట్టి ఆ మోత గాయకుని గొంతుతో కలిసిపోతుంది. (ఊరి పక్కనే 770 మెగావాట్ల కుడిగట్టు విద్యుత్ కేంద్రం ఉండడమే కారణమని ఒక మిత్రుడు వాదించాడు. ఆ మోత ఢిల్లీలోనైనా ఇంతే.)

మౌస్ కదిలించినప్పుడు, తెరపై పేజీ జరిపినప్పుడు మారే గరగర ల్యాప్‌టాప్ లోపలి వలయాలది. దానిని సెట్టింగులతో పోగొట్టడం కష్టం. మైక్ ధ్వని హెడ్‌ఫోన్‌లోకి వస్తున్నట్లయితే 'లిజన్ టు దిస్ డివైస్' అనే ఎంపికను తీసివేసి, మైక్రోఫోన్ బూస్ట్‌ను సున్నాకు తగ్గించాలి. లినక్స్ వాడేవారు ఇంటెల్ హెచ్‌డీఏ డ్రైవర్‌లోని పవర్ సేవ్ విలువను 0 చేస్తే 'టిక్' శబ్దాలు ఆగుతాయి. వీటిలో ఏదీ ఫలించకపోతే చిన్న యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ కొనుక్కోవడమే సులభమార్గం. ధ్వని అప్పుడు ల్యాప్‌టాప్ లోపలి రొదకు దూరంగా, బయట తయారవుతుంది. నా విషయంలో పనిచేసినది ఇదే.

సెమినార్ హాలులో ల్యాప్‌టాప్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపినప్పుడు వచ్చే మోత వేరు. రెండింటికీ ఎర్త్ ఉండి, ఆడియో తీగ ద్వారా అవి మళ్ళీ కలవడం వలన వలయం ఏర్పడుతుంది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ గల ఐసోలేటర్ పెట్టాలి. చార్జర్ ఎర్త్ పిన్నును విరిచివేయడం ప్రాణాపాయకరం, దాన్ని ఎన్నడూ చేయరాదు.

పాత క్యాసెట్లను అదే జాక్ ద్వారా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించడం కూడా సరికాదు. ఎడమ, కుడి, గ్రౌండ్, మైక్ అనే నాలుగు స్పర్శలు గల ఆ జాక్‌లో లోపలికి తీసుకొనేది ఒకే మైక్ మార్గం. లైన్ ఇన్‌పుట్ గల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ద్వారా, అంతర్జాతీయ ధ్వని ఆర్కైవుల సంఘం సూచించే కనీస ప్రమాణమైన 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో భద్రపరచాలి.

5. రొదను తుడిచివేయవచ్చునా?
రొద తొలగించే సాఫ్ట్‌వేర్ చేతికి అందుబాటులోనే ఉంది. జాక్ రొద ఫైలులో లేదు కనుక అక్కడ దానితో పనే లేదు. ముద్రణలోనే రొద ఉన్నప్పుడు కూడా, సకారపు శక్తి అధికంగా 4000 హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది, బుసరొద కూడా అక్కడే వ్యాపించి ఉంటుంది. ఒకదానిని చెరిపితే రెండవది చెదురుతుంది. మూలప్రతిని తాకకుండా, వినడానికి మాత్రమే వేరొక ప్రతిని శుభ్రపరచుకోవాలి. లేఖనంపై ఏ పరికరంతో విన్నామో రాసిపెట్టడం కూడా అవసరం. సిద్ధాంతగ్రంథాల అనుబంధాలలో గాయకుల వయస్సు, ఊరు ఉంటాయి గాని ఈ వివరం నాకు ఇంతవరకు కనబడలేదు.

అడాప్టర్ తగిలించి ఆ వృద్ధురాలి పాటను మళ్ళీ మొదటినుండి రాశాను. రెండు చోట్ల మాత్రం ఆమె పలికింది 'సెట్టు' అనే.