సగటు తీస్తే చార పోతుందా?

ఒక వరుసలో పిక్సెళ్లు నలుపు, తెలుపు, నలుపు, తెలుపుగా ఉన్నాయనుకోండి. సాధారణ డిజిటల్ ఫొటోలో నలుపు విలువ 0, తెలుపు 255. వీటిని నునుపు చేద్దామని ప్రతి పిక్సెల్‌నూ దాని ఇరుపక్కల పిక్సెళ్లతో కలిపి సగటు తీశాం. తెల్ల పిక్సెల్ దగ్గర 0, 255, 0ల సగటు 85. నల్ల పిక్సెల్ దగ్గర 255, 0, 255ల సగటు 170. చారలు పోలేదు సరికదా, నలుపు తెల్లబడి తెలుపు నల్లబడింది!

అలాగని సగటు పద్ధతిని తీసిపారేయడానికి లేదు. తక్కువ వెలుతురులో తీసిన ఫొటోలో కనిపించే గరుకుకు (నాయిస్‌కు) అదే మందు. అక్కడ ఒక పిక్సెల్‌లోని తప్పుకూ పక్క పిక్సెల్‌లోని తప్పుకూ సంబంధం ఉండదు కాబట్టి, కలిపేకొద్దీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 3×3 గడిలో 9 పిక్సెళ్లు. 9కి వర్గమూలం 3, కాబట్టి నాయిస్ మూడో వంతుకు దిగుతుంది. 5×5 గడి అయితే ఐదో వంతుకు. బదులుగా అంచులు మసకబారతాయి.

చిక్కంతా క్రమం తప్పకుండా వచ్చే చారలతోనే. ప్రతి 8 పిక్సెళ్లకు ఒకసారి తిరిగొచ్చే సైన్ తరంగంలాంటి చారను తీసుకుందాం. 3 పిక్సెళ్ల సగటు తీసినా అందులో 80 శాతం మిగిలే ఉంటుంది. 5 పిక్సెళ్లకు 48 శాతం. సరిగ్గా 8 పిక్సెళ్ల సగటు తీస్తే సున్నా అవుతుంది. అత్యాశకు పోయి 9 తీశారో, 11 శాతం చార తలకిందులై మళ్లీ ప్రత్యక్షమవుతుంది. పోనీ 8 దగ్గరే ఆగుదామంటే, ఫొటోలో అసలుగా ఉన్న ఒక పిక్సెల్ మందం గీత ఎనిమిదో వంతుకు వెలిసిపోతుంది. చారతోపాటు బొమ్మా పోతుంది.

ఈ చిక్కును విప్పేది ఫూరియర్ పద్ధతి. బొమ్మను తరంగాలుగా విడదీసే ఈ పద్ధతి పిక్సెల్ పొరుగును చూడదు, ఏది ఎన్నిసార్లు తిరిగొస్తోందో లెక్కిస్తుంది. 1024×1024 బొమ్మ వెడల్పులో మన చార 128 సార్లు వస్తుంది. అందుకే ఏ తరంగం ఎంత ఉందో చూపే పటంలో, అంటే స్పెక్ట్రమ్‌లో, కేంద్రానికి అటు 128, ఇటు 128 దూరంలో రెండు ప్రకాశవంతమైన చుక్కలుగా తేలుతుంది. ఒక్కో తరంగం పాలు చెప్పే సంఖ్యలే గుణకాలు; మొత్తం 10,48,576 గుణకాల్లో ఆ రెంటినీ, చుట్టుపక్కల కొన్నింటినీ సున్నా చేసి వెనక్కి మారిస్తే చార మాయం, మిగతా బొమ్మ దాదాపు చెక్కుచెదరదు. దీన్నే నాచ్ ఫిల్టర్ అంటారు. 2004లో శని కక్ష్యలోకి చేరిన కాసినీ నౌక పంపిన కొన్ని చిత్రాల్లో కెమెరా సిగ్నల్‌లో కలిసిన విద్యుత్ అలజడి ఇలాగే చారలు చారలుగా పడింది. శని వలయాల మీది ఆ చారలను నాచ్‌తో తుడిచేసిన తీరు గొంజాలెజ్, వుడ్స్ రాసిన పాఠ్యపుస్తకంలో ఉంది.

వేగం కోసమే ఫూరియర్ అనే మాట తరచూ వినిపిస్తుంది. సగమే నిజం. 1024×1024 బొమ్మకు 31×31 ఫిల్టర్‌ను నేరుగా వేస్తే పిక్సెల్‌కు 961 గుణకారాలు, మొత్తం 100 కోట్లు దాటుతాయి. ఫూరియర్‌ను నిర్వచనం ప్రకారం నేరుగా లెక్కిస్తే దాదాపు 1.1 లక్షల కోట్లు! అదే ఫూరియర్‌ను వేగంగా లెక్కించే, 1965లో కూలీ, టూకీ ప్రచురించిన ఎఫ్ఎఫ్‌టీ వచ్చాక రానూపోనూ 8 కోట్ల చిల్లరతో పనైపోతోంది. అయితే నడిమి పిక్సెల్‌కు ఎక్కువ బరువిచ్చి సగటు తీసే గాసియన్ ఫిల్టర్‌ను ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా వేస్తే పిక్సెల్‌కు 62 గుణకారాలే, మొత్తం ఆరున్నర కోట్లు. ఎఫ్ఎఫ్‌టీ ఇక్కడ ఓడింది. అలా విడదీయడానికి వీలుకాని పెద్ద ఫిల్టర్ల దగ్గరే దాని వేగం అక్కరకొస్తుంది.

సగటు, ఫూరియర్ రెండూ చేతులెత్తేసే చోటూ ఉంది. ఎనిమిది పిక్సెళ్లు 100 ఉండి, నడుమ ఒక్కటి చెడి 255 అయితే సగటు 117కు ఎగబాకుతుంది. ఫూరియర్‌లో ఆ ఒక్క మచ్చ 10 లక్షల గుణకాలన్నింటికీ అంటుకుంటుంది. తొమ్మిదింటినీ వరుసలో పేర్చి నడిమి విలువ తీసుకునే మీడియన్ ఫిల్టర్ మాత్రం తడుముకోకుండా 100 చెబుతుంది.

కాబట్టి బ్లర్ నొక్కే ముందు ఒకసారి స్పెక్ట్రమ్ గీయించి చూడండి. కేంద్రానికి దూరంగా జంట చుక్కలు విడిగా మెరుస్తుంటే నాచ్ వేయండి. లేకుంటే 3×3 సగటుతోనో మీడియన్‌తోనో సరిపెట్టుకోండి.